మూడోసారి అడిగేదాకా

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. హౌగ్‌డాల్ ఊరివాళ్ళ సంగతి వేరు. అక్కడ అమ్మ అడిగి పెట్టినా మూడోసారికి గాని చెయ్యి చాపరు. కాఫీ పోయనా అంటే మొదటిసారి "అబ్బే, నాకెందుకు" అనాలి. రెండోసారి "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగాక, పాపం అంతగా అడుగుతున్నారు గదా అన్నట్టు, "సరే, అర కప్పు" అని నిండు కప్పు పోయించుకోవాలి. మొదటి పిలుపుకే ఊఁ అన్నవాడు ఆశపోతు. రెండుసార్లు అడిగి ఊరుకున్నవాడు పిసినారి. నార్వేలో ఓడెక్కి అమెరికాలో ఈ మిన్నెసోటాకి చేరిన వాళ్ళ తాతలు గొడ్డళ్ళూ బైబిళ్ళూ తెచ్చుకున్నట్టే ఈ మొహమాటాన్నీ మూటగట్టుకొచ్చారు. గొడ్డళ్ళు తుప్పుపట్టి పోయాయి గాని ఇది మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ ఊరి రైల్వే స్టేషన్‌కి బోర్గిల్డ్ స్లెట్టెన్ ఏజెంటు. టికెట్లు ఇచ్చేదీ, పార్సిళ్ళు అప్పగించేదీ, తంతి కొట్టేదీ, సిగ్నలు వేసేదీ అన్నీ ఆవిడే. భర్త ఆస్‌లాక్ ఆ ఉద్యోగంలో ఉన్నప్పుడు పక్కన ముక్కాలిపీట వేసుకు కూచుని తంతి భాష నేర్చుకుంది. ఆయన న్యుమోనియాతో పోయాడు. రెండో ప్రపంచయుద్ధం రోజులు, మగవాళ్ళు దొరకడం లేదు. కంపెనీ ఆవిణ్ణే ఆ కుర్చీలో కూచోబెట్టింది. కుర్చీతో పాటు స్టేషన్ మేడ మీద రెండు గదులూ వచ్చాయి. పిల్లలు లేరు. పొలం లేదు. ఉన్నదల్లా ఆ కుర్చీ, ఆ రెండు గదులు. ఊళ్ళో ఎవరింట్లో కష్టమొచ్చినా కేకు గిన్నె పట్టుకుని ముందు గుమ్మమెక్కేది బోర్గిల్డే. తన ఇంట్లో కష్టమొస్తే తలుపు గడియ వేసుకునేదీ ఆవిడే. ఆస్‌లాక్ పోయినప్పుడు కూడా శవపేటిక మోయడానికి మనుషుల్ని పాస్టరు గారే పిలవవలసి వచ్చింది. సాయం చెయ్యడం వచ్చు గాని, అడగడం ఆవిడకి చేతకాదు.

యుద్ధం అయిపోయి ఏడెనిమిదేళ్ళయ్యేసరికి అందరికీ కార్లొచ్చాయి. నార్త్ ప్రెయిరీ రైల్వే ఖాళీ పెట్టెల్ని ఈడ్చుకుంటూ తిరగసాగింది. రైలుని కాదు, రైలు వెళ్ళే ఊరిని అమ్మండని ఎవరో తెలివైనవాడు సలహా చెప్పాడు. కంపెనీ వెంటనే రంగుల సినిమాలు తీయించి, చర్చిల్లోనూ బళ్ళలోనూ ఉచితంగా చూపించడం మొదలుపెట్టింది. నగరానికి రండి, మా రైల్లో రండి, అన్నీ మేం చూసుకుంటాం అన్నది వాటి సారాంశం. అలాంటి సినిమా ఒకటి హౌగ్‌డాల్‌కి వస్తోందని జూన్ మొదట్లో తంతి వచ్చింది. బోర్గిల్డ్ పెన్సిలు తీసుకుని రాసుకుంటూ పోయింది. గురువారం చర్చిలో సినిమా. ఆపైన రెండో మంగళవారం షికాగో విహార రైలు. హౌగ్‌డాల్ నుంచి ముప్పైమంది వస్తామంటే ఒక పెట్టె అదనం. రాకపోతే ఇక ఆ ఊళ్ళో పాసింజరు ఆగదు, స్టేషన్ మూసేస్తారు.

పెన్సిలు మాత్రం ఆగలేదు. తన చావు కబురు తనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నట్టయింది. యాభై నాలుగేళ్ళ మనిషికి ఇంకెవరు ఉద్యోగమిస్తారు? ఎక్కడికి పోతుంది?

ఎవరికీ చెప్పలేదు. చెబితే, నా కోసం టికెట్లు కొనండని దేహీ అన్నట్టే. అయినా ఆ ఊళ్ళో రహస్యం దాగేదెక్కడ? పాసింజరు గార్డు పక్క స్టేషన్‌లో ఎవరి చెవినో వేశాడు, రెండో రోజుకి ఊరందరికీ తెలిసిపోయింది. తమకి తెలిసినట్టు మాత్రం ఆవిడకి తెలియకూడదని ఊరు ఊరంతా జాగ్రత్తపడింది. మనిషి పరువు కాపాడాలి కదా!

సినిమా చూపించే ఆయన గురువారం పొద్దుటి బండిలో ప్రొజెక్టరు పెట్టెతో దిగాడు. లియొనార్డ్ కార్మొడీ. షికాగో మనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయి, ఎర్ర జుట్టు, మాట చురుకు. బోర్గిల్డ్ మేడ మీదకి పిలిచి కూచోబెట్టింది.

"కాఫీ పోయనాండీ?"

"వద్దండీ, బండిలో తాగాను."

"కొంచెమేనండీ."

"వద్దండీ, నిజంగా."

"మా నార్వే పద్ధతిలో పొడిలో గుడ్డు కొట్టి కాచానండీ, తేటగా ఉంటుంది..."

కార్మొడీ నవ్వేశాడు. "మిసెస్ స్లెట్టెన్, నేను వద్దంటే వద్దనే అర్థమండీ."

ఈయన ఊళ్ళోవాళ్ళని అడిగేది ఎలాగో బోర్గిల్డ్‌కి అప్పుడే కళ్ళకి కట్టింది. హెచ్చరించాలి. ఎలా చెప్పాలి? చెంచా తుడిచి, మళ్ళీ అదే చెంచా తుడిచింది.

"మిస్టర్ కార్మొడీ, మావాళ్ళు... ఒక్కసారి అడిగితే చెప్పరండీ."

"సిగ్గరులా?"

"సిగ్గని కాదు. కాస్త నిదానంగా... ఇంకోసారి, ఆపైన మరోసారి..."

"చూడండి," అన్నాడు కార్మొడీ మెత్తగానే. "మా నాన్న ఇంటింటికీ తిరిగి బ్రష్షులమ్మేవాడు. వద్దన్నవాళ్ళని బతిమాలేవాడు. జనం కుక్కల్ని ఉసిగొల్పేవాళ్ళు. వద్దన్నవాళ్ళ వెంటపడనని చిన్నప్పుడే ఒట్టేసుకున్నాను. సినిమా చూపిస్తాను, ఒక్కసారి అడుగుతాను. మనిషి మాటకి విలువివ్వాలి కదండీ?"

అంత మంచి మాటకి ఎదురేం చెబుతుంది? "అవునండీ," అంది.

సాయంత్రానికి చర్చి కింది గది నిండింది. ముందు రెండు వరసలు మాత్రం ఖాళీ. ముందు కూచుంటే గొప్పలకి పోయినట్టని అందరూ వెనక్కి వెనక్కి సర్దుకుని గోడకి అతుక్కున్నారు. కార్మొడీ ముందుకి రమ్మని పిలిచాడు. ఎవరూ కదల్లేదు. పిలిచింది ఒక్కసారే మరి.

దీపాలార్పారు. తెరమీద వెండిరంగు రైలు మెలికలు తిరుగుతూ వచ్చింది. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ, బూడిదరంగు సూటు వేసుకున్న ఒకాయన, ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు కాబోలు, కిటికీలోంచి చూసి నవ్వుకున్నారు. షికాగోలో దిగి నవ్వారు. ఆకాశమంత మేడల్ని చూసి నవ్వారు. ఇళ్ళ మధ్య స్తంభాల మీద పరిగెత్తే రైలెక్కి నవ్వారు. వెనకనుంచి ఒక తేనె గొంతు, "రండి! ఈ నగరం మీకోసమే ఎదురుచూస్తోంది!" అంది.

"నాకోసం ఎవరూ ఎదురుచూసి ఎరగరు," అని చీకట్లో ఎవరో గొణిగారు. అది టోర్కెల్ బ్రాటెన్. అరవై ఏళ్ళొచ్చినా పెళ్ళి కాని రైతు, తన ఆవులతో తప్ప ఎవరితోనూ అంత పొడుగు మాట మాట్లాడడు.

"ఆవిడ పెట్టెలు ఎవరు మోస్తున్నట్టు?" అంది గుడ్రున్ ఆమోట్. ఆడవాళ్ళ సంఘానికి పెద్ద ఆవిడ. నోరు విప్పితే సూది గుచ్చినట్టే ఉంటుంది గాని చెయ్యి మెత్తన. చీకట్లో కూడా అల్లిక ఆపదు.

"మొగుడి చేతులూ ఖాళీయేనే," అంది పక్కావిడ.

"మూడు రోజుల ప్రయాణంలో ఆ టోపీ తియ్యనే లేదు. తల దువ్వుకోదా ఏమిటి?"

గోడవారన కిసుక్కున నవ్వులు. బోర్గిల్డ్‌కి నవ్వు రాలేదు. తెర వైపు చూడటం మానేసి మనుషుల్నే చూస్తోంది. మ్యూజియంలో రాక్షసబల్లి ఎముకల గూడు వచ్చినప్పుడు టోర్కెల్ ఒళ్ళోని కాఫీ కప్పు ఒరిగి ప్యాంటు తడిసింది, అతనికి తెలియలేదు. రైల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర ఎర్ర టోపీ ఆవిడ కూచుని చేప కోసుకుంటుంటే, కిటికీ అవతల సరస్సు మీద పొద్దు గుంకుతోంది. అప్పుడు గుడ్రున్ సూదులు ఆగిపోయాయి. చావు ప్రార్థనల్లో ఆగని సూదులవి! బోర్గిల్డ్‌కి అర్థమైంది. వీళ్ళకి నచ్చింది. వెళ్ళాలని ఉంది. అడిగితే చాలు. సరిగ్గా అడిగితే చాలు.

దీపాలు వెలిగాయి. ఎవరి మొహమూ ఏమీ ఎరగనట్టే ఉంది.

"ఎలా ఉందండీ?" అని కార్మొడీ టోర్కెల్‌ని అడిగాడు.

"ఫర్వాలేదు."

"మీకండీ?"

"మరీ అంత చెడ్డగా లేదు," అంది గుడ్రున్.

హౌగ్‌డాల్‌లో పెళ్ళికూతుర్ని చూసి కూడా ఇంతకంటే పెద్ద మాట అనరు. అది ఈ షికాగో మనిషికెలా తెలుస్తుంది? చప్పబడిపోయాడు. అయినా నవ్వు తెచ్చుకుని, "సరే, ఆ రైలుకి ఎవరెవరు వస్తారు? చేతులెత్తండి," అన్నాడు.

ఒక్క చెయ్యి లేవలేదు. నలుగురిలో చెయ్యెత్తి నాక్కావాలనడం ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా చెయ్యరు. కార్మొడీ గుడ్రున్ వైపు తిరిగాడు. "మీరు రండి, మేడమ్."

"నాకెందుకండీ, ఈ వయసులో."

గది మొత్తం ఊపిరి బిగబట్టింది. అయింది, మొదటిసారి అయింది. ఇప్పుడు రెండోసారి అడుగుతాడు. గుడ్రున్ అప్పుడే రెండో జవాబుకి పెదవులు సర్దుకుంది. ఆవిడ మూడోసారికి సరేనంటే మిగతా ఆడవాళ్ళంతా ఆవిడ వెనక వరస కడతారు. అడుగు నాయనా, ఇంకోసారి అడుగు అని బోర్గిల్డ్ లోపల్లోపలే ఏడుస్తోంది.

"సరే, మీ ఇష్టం," అని కార్మొడీ రీలు వెనక్కి చుట్టడం మొదలుపెట్టాడు. చుడుతూ చుడుతూ బోర్గిల్డ్ వంక జాలిగా చూశాడు. "మిసెస్ స్లెట్టెన్, మీవాళ్ళు కదా, మీరొక మాట చెబుతారా?"

కళ్ళన్నీ ఆవిడ మీద పడ్డాయి. లేచింది. చెప్పవలసింది ఎంతో లేదు. రండి, మీరు వస్తే బాగుంటుంది, అంతే. నోరు తెరిచింది.

"షికాగో బాగుంటుందట. ఎవరికైనా వీలైతేనే. ఎవరూ... నా కోసమని ఎవరూ ఇబ్బంది పడొద్దు."

కూచున్నాక గాని తెలియలేదు ఏం అందో. నా కోసం అన్నవారెవరు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు తనే బయటపెట్టుకుంది. ఊరంతా కప్పుల్లోకి చూసుకుంది. ఇబ్బంది పడొద్దని మనిషి నోరారా అన్నాక మీద పడి సాయం చెయ్యడం కంటే మోటుతనం ఆ ఊళ్ళో ఇంకోటి లేదు.

మర్నాడు పొద్దున కార్మొడీ తంతి కాగితం మీద రాసిచ్చాడు. హౌగ్‌డాల్‌లో అరవైమంది చూశారు, ఎవరికీ ఆసక్తి లేదు. "నాకు బాధగానే ఉందండీ. కానీ ఉన్నదే రాయాలి కదా," అన్నాడు. అది పంపవలసింది బోర్గిల్డే. తంతి మీట మీద వేలు పెట్టి కాసేపు అలాగే కూచుంది. లేదు అన్నచోట ఉంది అని కొడితే ఎవరికి తెలుస్తుంది? కానీ తంతిలో అబద్ధం కొడితే ఎక్కడో రెండు రైళ్ళు గుద్దుకుంటాయని నేర్పి పోయాడు ఆస్‌లాక్. ఉన్నది ఉన్నట్టు కొట్టేసింది. కార్మొడీ టోపీ తీసి నమస్కరించి బండెక్కాడు.

ఆ తరువాతి రోజుల్లో బోర్గిల్డ్‌కి తిండి సయించలేదు. గడియారానికి కీ ఇచ్చి, ఇచ్చానో లేదోనని మళ్ళీ వెళ్ళి చూసేది. చిత్రమేమిటంటే, ఎన్నడూ స్టేషన్ మొహం చూడనివాళ్ళు కూడా ఏదో వంకన రాసాగారు. టోర్కెల్ తన కోడిపిల్లల పార్సిలు కోసం వచ్చాడు. అట్టపెట్టె లోంచి కిచకిచలు వినబడుతుంటే పట్టుకుని నిలబడ్డాడు, వెళ్ళడు.

"ఆ ఎముకల జంతువు. సినిమాలోది. నిజంగా అంతుంటుందా?"

"ఉంటుందట."

"తోకే మా పశువుల కొట్టం అంతుంది."

"అవును."

"మంగళవారం బండి ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"ఊరికే అడిగాలే."

బోర్గిల్డ్ పెన్సిలు అందుకుంది. "టికెట్టు రాయనా, టోర్కెల్?"

"అబ్బే, నాకెందుకు. ఆవుల్నెవరు చూస్తారు?"

ఇంకోసారి అడగాలి. కాఫీ అయితే ఈపాటికి రెండుసార్లు అడిగి ఉండేది. ఇది కాఫీ కాదు, తన నెత్తి మీది ఇంటికప్పు. రెండోసారి అడిగితే బిచ్చమెత్తినట్టే. "అవునులే, ఆవులు," అంది. టోర్కెల్ ఇంకాసేపు టోపీ అంచు తిప్పుకుంటూ నిలబడి, కోడిపిల్లల్ని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గుడ్రున్ వచ్చింది. పార్సిల్లో తెప్పించుకున్న గుండ్రటి డబ్బా ఒకటి తీసుకుంది. ఆ వారం అలాంటివి చాలా వచ్చాయి. అప్పగిస్తూనే ఉంది గాని ఏమిటవి అని ఆలోచించే ఓపిక బోర్గిల్డ్‌కి లేదు.

"మంగళవారం షికాగోలో వాన పడుతుందంటావా?"

"పేపర్లో చూడరాదూ."

"చూశాలే. ఏం తింటున్నావే నువ్వు? బొమికల్లా ఉన్నావు. ఆ సినిమాలో మ్యూజియం వాళ్ళు చూస్తే ఎత్తుకుపోతారు."

"బాగానే తింటున్నా."

గుడ్రున్ డబ్బా అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది. మళ్ళీ ఏదో అడుగుతుందని బోర్గిల్డ్ చూసింది. బోర్గిల్డ్ ఏదో అంటుందని గుడ్రున్ చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ వెళ్ళాక బోర్గిల్డ్‌కి ఒళ్ళు మండింది. చచ్చినవాళ్ళని చివరిచూపు చూడ్డానికి వచ్చినట్టు వచ్చిపోతున్నారు అందరూ! జాలి! ఎవరిక్కావాలి వీళ్ళ జాలి?

రెండో వారం శనివారం తంతి వచ్చింది. విహార రైలు హౌగ్‌డాల్‌లో ఆగదు. అదనపు పెట్టె లేదు. జూలై నుంచి స్టేషన్ మూత. బోర్గిల్డ్ కాగితం మడిచి సొరుగులో పెట్టి, మేడెక్కి గిన్నెలు పాత పేపర్లలో చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిన గిన్నెలు ఎక్కడికి పంపాలో మాత్రం తెలియలేదు.

మంగళవారం పొద్దున కిందికి దిగి తలుపు తీసేసరికి ప్లాట్‌ఫారం మీద ఇసుక వేస్తే రాలనంత జనం. మగవాళ్ళు ఆదివారం కోట్లలో ఉన్నారు. అందరి చేతుల్లోనూ చెప్పుల డబ్బాలు, వాటిల్లో సాండ్‌విచ్‌లు. ఆడవాళ్ళ తలల మీద ఎర్ర టోపీలు! ఒకటి కాదు, రెండు కాదు. ఆ గుండ్రటి డబ్బాల్లో వచ్చినవి ఇవన్నమాట. పుట్టి బుద్ధెరిగాక గోధుమరంగూ నలుపూ తప్ప తొడిగి ఎరగని ఆడవాళ్ళు, ఒకరి తల ఒకరు చూసుకోకుండా పట్టాల వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఏమిటిదంతా?" అంది బోర్గిల్డ్.

"షికాగోకి," అంది గుడ్రున్, అదేదో పాల కేంద్రానికి వెళ్తున్నట్టు.

"ఎవరూ టికెట్టు తీసుకోలేదే! ఎవరూ పేరు చెప్పలేదే!"

"వారం ముందు నుంచీ పేరు రాయించుకుంటే ఊరంతా చాటుకున్నట్టుండదూ? ఎక్కేటప్పుడు తీసుకుందాంలే అనుకున్నాం. నువ్వేమో ఇబ్బంది పడొద్దంటివి. సరే, నిన్ను ఇబ్బంది పెట్టకుండానే వచ్చాం."

బోర్గిల్డ్ గోడ పట్టుకుంది. "ఆ బండి ఆగదు గుడ్రున్. మనూరి నుంచి ఎవరూ రావట్లేదని ఆపడం మానేశారు."

గుడ్రున్ టోపీ సర్దుకుంది. "అలాగా. ఫర్వాలేదులే. పొద్దున్నే నాలుగడుగులు నడిచినట్టయింది."

"వాతావరణం బాగుంది," అన్నాడు టోర్కెల్.

అని, దేవుడా, మళ్ళీ ఇళ్ళకి బయల్దేరారు! చెప్పుల డబ్బాలు చంకన పెట్టుకుని, ఒక్క ఫిర్యాదు లేకుండా, ఒక్క నిట్టూర్పు లేకుండా. ఎర్ర టోపీలు ఒకటొకటే మెట్లవైపు తిరుగుతుంటే బోర్గిల్డ్‌కి కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. వీళ్ళ మీదా, అంతకంటే తన మీదా. లోపలికి పరిగెత్తి సిగ్నలు మీట రెండు చేతులా లాగింది. బయట స్తంభం మీద ఎర్రచెయ్యి అడ్డంగా పడింది. పట్టాల మీద ప్రమాదముంటే తప్ప, పై నుంచి ఉత్తర్వు ఉంటే తప్ప ఆ ఎర్ర సిగ్నలు వెయ్యకూడదు. ఆ సంగతి ఆవిడకంటే తెలిసినవాళ్ళు లేరు. వేసేసింది.

దూరంగా కూత వినబడింది. చక్రాలు కీచుమంటూ వెండిరంగు బండి ఆగింది. గార్డు దూకి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? పట్టా విరిగిందా?"

"లేదండీ. ప్రయాణికులున్నారు."

"ప్రయాణికుల కోసం ఎర్ర సిగ్నలా! మతి పోయిందా మీకు?"

ఆయన వెనకే కార్మొడీ దిగాడు. విహారయాత్ర బాగోగులు చూసేది అతనే. జనాన్ని చూశాడు, టోపీల్ని చూశాడు, నోరు తెరుచుకుని గుడ్రున్‌ని చూశాడు.

"ఆ రోజు నేను అడిగాను కదండీ! మీరు రానన్నారు!"

"మీరు ఒక్కసారే అడిగారు," అంది గుడ్రున్.

కార్మొడీకి అది ఎంతవరకు అర్థమైందో గాని, మొహం మాత్రం జుట్టంత ఎర్రబడింది. గార్డు చేతి గడియారం చూసుకుంటూ, "కూచోడానికి చోటు లేదు. తరువాతి జంక్షన్‌లో ఇంకో పెట్టె దొరికేదాకా నిలబడాలి. వస్తారా, రారా? త్వరగా చెప్పండి," అన్నాడు.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ," అంది గుడ్రున్. "మేం ఇంకోసారి వెళ్తాంలే."

"అవునవును, ఇంకోసారి," అన్నారు నలుగురు.

"మంచిది," అని గార్డు పచ్చజెండా తీశాడు.

బోర్గిల్డ్ గొంతులోంచి వచ్చిన కేకకి తంతి తీగల మీది పిచ్చుకలే కాదు, మనుషులూ ఉలిక్కిపడ్డారు.

"ఎక్కండి! నోళ్ళు మూసుకుని ఎక్కండి! మీకు వెళ్ళాలనుందని నాకు తెలుసు. నా కోసం ఎక్కండి. నా ఉద్యోగం పోతోంది, ఇల్లు పోతోంది. మీరు ఎక్కితే ఈ స్టేషన్ ఉంటుంది. అడుగుతున్నాను. వింటున్నారా? నేను, బోర్గిల్డ్ స్లెట్టెన్‌ని, అడుగుతున్నాను!"

ఆ ఊళ్ళో అంత సిగ్గుమాలిన మాట అంతకుముందు ఎవరూ వినలేదు. ఎవరి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టోర్కెల్ ముందుకొచ్చాడు. "అలా అయితే ఫర్వాలేదు," అని మెట్టెక్కి, వెనక్కి తిరిగి గుడ్రున్ చేతిలోని సాండ్‌విచ్‌ల డబ్బా అందుకున్నాడు. ఆ వెనక అందరూ ఎక్కారు. యాభైమందికి పైనే, టికెట్లు బండిలోనే గార్డు దగ్గర తీసుకునేట్టు. బోర్గిల్డ్ సిగ్నలు మార్చి బండిని పంపించి, లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది.

అనుకున్నట్టే స్టేషన్ నిలిచింది. అన్ని టికెట్లు అమ్ముడైన ఊరిని ఎలా మూస్తారు? షికాగో నుంచి వచ్చిన కొత్త తంతి అదే చెప్పింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఉత్తర్వు లేకుండా ఎర్ర సిగ్నలు వేసి రైలు ఆపినందుకు ఏజెంటు మీద విచారణ. కార్మొడీ వచ్చి ఆవిడ తరఫున సాక్ష్యం చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. విచారించిన పెద్దమనిషి ఓపిగ్గానే విన్నాడు. ఆయన చెప్పిందొకటే, సిగ్నలు ఇరుగుపొరుగుని పిలవడానికి కాదు. దానికి బోర్గిల్డ్ కూడా కాదనలేకపోయింది. తను ఆయన స్థానంలో ఉన్నా అదే అనేది. ఉద్యోగం పోయింది. నెలాఖరుకి కొత్త ఏజెంటు పెళ్ళాన్ని తీసుకుని వస్తాడు, మేడ ఖాళీ చెయ్యాలి.

షికాగో చూసొచ్చినవాళ్ళ దగ్గర చెప్పుకోవలసింది కొండంత ఉంది. ఆ రాక్షసబల్లి, ఆ మేడలు, బోర్లించిన గిన్నెలా నీళ్ళ మీద పడుకున్న ఆ ఆకాశం. కానీ ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ మాటలెత్తితే బోర్గిల్డ్ మాట ఎత్తవలసి వస్తుంది. తాము నాలుగు రోజులు ముందు పేరు చెప్పి ఉంటే ఆ ఎర్ర సిగ్నలు అవసరమే ఉండేది కాదు. అది ఒప్పుకోలేక, దాచుకోలేక ఊరంతా తల వంచుకు తిరిగింది.

గుడ్రున్ వచ్చేసరికి బోర్గిల్డ్ మేడ మీద ట్రంకు పెట్టె ముందు మోకాళ్ళ మీద కూచుని ఉంది. గుడ్రున్ గుమ్మంలోనే నిలబడింది. దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చిన మనిషి మొహం.

"మా ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉంది. దక్షిణం కిటికీ. ఎండ బాగా వస్తుంది. నువ్వొచ్చి ఉండకూడదూ?"

"వస్తాను," అంది బోర్గిల్డ్.

గుడ్రున్ అప్పటికే రెండో మాటకి నోరు తెరిచింది. "నాకేం శ్రమ ఉండదు, ఊరికే పడి ఉన్న గదేగా..." అంటూ మొదలుపెట్టి, ఆగింది. "ఏమన్నావ్?"

"వస్తానన్నాను. నాకు వేరే చోటు లేదు గుడ్రున్. రావాలనుంది."

గుడ్రున్ ట్రంకు పెట్టె అంచు మీద కూలబడింది. ఇంకా రెండుసార్లు అడగాలని తెచ్చుకున్న మాటలన్నీ గొంతుకి అడ్డం పడ్డట్టున్నాయి. నలభై ఏళ్ళ స్నేహంలో ఒకరి ముందు ఒకరు ఏడవని ఇద్దరాడవాళ్ళు, ఆ పూట కాసేపు ఏడ్చారు. ఆ తరువాత గుడ్రున్ ముక్కు తుడుచుకుని, తాడు ఎక్కడుందని అడిగింది. ఇద్దరూ కలిసి పెట్టె కట్టారు.